చేసిన పాపం చెబితే పోతుందా?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రపంచ సాహిత్యంలో పాపం, పశ్చాత్తాపం, శిక్ష అనే అంశం మీద వచ్చిన ఉత్తరాల్లో ఒకే పోలిక ఉన్న ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. కథల ముగింపులు బయటపెట్టకుండా ఈ విషయం మాట్లాడటం సాధ్యం కాలేదు. ఆ పుస్తకాలు ఇంకా చదవనివారు మన్నించాలి.

ప్రశ్న: నేరం, పాపం, తప్పు అనే మాటలను విమర్శకులు ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. సాహిత్యం చదివేటప్పుడు వీటిని విడదీసి చూడవలసిన అవసరం ఉందా?

జవాబు: ఉంది. నేరానికి ఎదురుగా చట్టం నిలబడుతుంది, పాపానికి ఎదురుగా దైవమో ధర్మమో నిలబడుతుంది. ఆ రెండూ పక్కకు తప్పుకున్నా తప్పు చేసినవాడి మనసు పీకడం మాత్రం మానదు. ఈ మూడూ ఒకచోట కలిసిన కథ చెప్పడానికి పెద్ద రచయిత అక్కరలేదు. దొంగ దొరికాడు, ఏడ్చాడు, జైలుకు వెళ్లాడు అంటే సరిపోతుంది. గొప్ప రచనలు ఈ మూడూ పొసగని సందర్భాన్నే ఏరుకుంటాయి.

ప్రాచీన గ్రీకు నాటకకవి సోఫోక్లీస్ సృష్టించిన ఈడిపస్‌ను చూడండి. తండ్రి అని తెలియక ఒక ముసలివాణ్ణి చంపాడు, తల్లి అని తెలియక ఆమెను పెళ్లాడాడు. నిజం తెలిసిన రోజున ఆమె ఉరి వేసుకోగా, ఆమె వస్త్రానికి ఉన్న సూదులు పెరికి తన కళ్లు తానే పొడుచుకున్నాడు. అది ఏ న్యాయస్థానమూ వేసిన శిక్ష కాదు. అయితే అదే కవి వృద్ధాప్యంలో రాసిన మరో నాటకం ఉంది. కవి పోయిన తరువాత క్రీ.పూ. 401లో దానిని ప్రదర్శించారు. అందులో దేశాలు పట్టి తిరుగుతున్న గుడ్డి ఈడిపస్, అవి తాను చేసిన పనులు కావనీ, తన నెత్తిన పడినవనీ, తెలియక జరిగినదానికి తాను దోషిని కాననీ గట్టిగా వాదిస్తాడు. కళ్లు పొడుచుకున్నవాడూ అతడే, నిర్దోషినని వాదించినవాడూ అతడే. ఈ రెంటిలో ఒకటి అబద్ధమని సోఫోక్లీస్ ఎక్కడా అనలేదు.

మన భాషలో ఇంకొక విశేషం ఉంది. చెడ్డపని చేసినవాణ్ణి చూసి 'పాపం చేశాడు' అంటాం, కష్టంలో ఉన్నవాణ్ణి చూసి 'అయ్యో, పాపం' అంటాం. ఈ కోవకు చెందిన రచనలను చదివేటప్పుడు ఆ రెండు అర్థాలూ దగ్గర పెట్టుకుంటే, విమర్శ గ్రంథాలు అంతగా అవసరపడవని నా అనుభవం.

ప్రశ్న: దోస్తోయెవ్‌స్కీ 'నేరము–శిక్ష' నవలలో హత్య మొదటి భాగంలోనే జరిగిపోతుంది, శిక్ష చివరి పేజీల్లో పడుతుంది. మధ్యలో ఉన్న అన్ని వందల పేజీలు దేనికి?

జవాబు: మధ్యలో ఉన్నదే శిక్ష అని చాలామంది చెప్పే జవాబు. అది సగమే నిజమని నేను అనుకుంటాను. 1866లో ఒక రష్యన్ మాసపత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ నవలకు ఆరు భాగాలు, ఒక ఉపసంహారం ఉన్నాయి. తాకట్టు వ్యాపారం చేసే ముసలామెనూ, వేళ కాని వేళ ఇంటికి వచ్చిన ఆమె చెల్లెలు లిజవేతనూ కథానాయకుడు రస్కోల్నికోవ్ గొడ్డలితో చంపేది మొదటి భాగం చివర. అతడికి న్యాయస్థానం వేసింది సైబీరియాలో ఎనిమిదేళ్ల కఠిన శిక్ష. రెండు నిండు ప్రాణాలకు ఎనిమిదేళ్లేనా అని మీకు అనిపిస్తే, ఆ తీర్పు వెనుక ఉన్న ఒక చిన్న వివరం చూడండి. దోచుకున్న నగలనూ డబ్బు సంచినీ అతడు ఒక పెరటిలో పెద్ద రాయి కింద దాచేశాడు. సంచిలో ఎంత ఉందో లెక్కపెట్టలేదు, కనీసం విప్పి చూడలేదు. విచారణలో తేలింది 317 రూబుళ్ల 60 కోపెక్కులు. రాయి కింద చెమ్మకు కొన్ని నోట్లు పాడైపోయి ఉన్నాయి. డబ్బు కోసం చంపానంటున్నవాడికి ఎంత దొరికిందో తెలియకపోవడం న్యాయమూర్తులకు ఒక పట్టాన అర్థం కాలేదు. అంతుపట్టని ఆ తీరు కూడా అతడికి శిక్ష తగ్గడానికి తోడ్పడింది.

రష్యన్ శీర్షికలో నేరానికి వాడిన మాటకు మూలంలో 'గీత దాటడం' అనే అర్థం ఉంది. అసాధారణులకు ఆ గీత వర్తించదని రస్కోల్నికోవ్ సిద్ధాంతం. దాటాడు సరే. దాటిన తరువాత తల్లితో మాట్లాడలేడు, చెల్లెలి ముఖం చూడలేడు, ప్రాణమిచ్చే స్నేహితుణ్ణి భరించలేడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న సామెత నాకు ఈ నవల పొడవునా గుర్తొస్తూనే ఉంటుంది. ఎవరూ అడగకముందే హత్య గురించి తనే మాట తెస్తాడు, హత్య జరిగిన ఇంటికి మళ్లీ వెళ్లి గంట లాగి ఆ చప్పుడు వింటాడు.

నవలకు ప్రాణమనదగిన ఘట్టం మాత్రం ఆరో భాగం చివర వస్తుంది. నాలుగు దారుల కూడలికి వెళ్లి, నువ్వు మైలపరచిన నేలను ముద్దాడి, నలుదిక్కులకూ నమస్కరించి, 'నేను చంపాను' అని అందరికీ వినిపించేలా చెప్పమని, అతడు ముందే నిజం చెప్పుకున్న సోన్యా అనే పేద అమ్మాయి అతడికి చెప్పి ఉంది. అతడు సంత జరిగే కూడలిలో మోకరిల్లాడు, నేలను ముద్దాడాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తాగి ఉన్నాడని ఒకడు, జెరూసలేము యాత్రకు బయలుదేరుతూ సెలవు తీసుకుంటున్నాడని మరొకడు. పెదవుల దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. తరువాత పోలీసు కార్యాలయానికి వెళ్లి, చెప్పకుండానే వెనక్కి మెట్లు దిగి, బయట నిలబడి ఉన్న సోన్యా ముఖం చూసి, మళ్లీ మెట్లెక్కి అప్పుడు చెప్పాడు. చంపడానికి మెట్లెక్కిన మనిషికి చెప్పడానికి మెట్లెక్కడం అంతకంటే కష్టమైంది. మీరు అడిగిన అన్ని వందల పేజీలూ ఆ ఒక్క వాక్యం నోట్లోంచి రావడానికి పట్టిన దూరం.

అంత చెప్పినా అతడు పశ్చాత్తాపపడలేదని మరిచిపోకండి. ఉపసంహారంలో, సైబీరియా జైలులో చాలాకాలం అతడు తన తప్పు ఒక్కటేనని అనుకుంటాడు: తట్టుకోలేక వెళ్లి ఒప్పేసుకోవడం. చివరి పేజీల్లో వచ్చే మార్పు కాస్త తొందరగా వచ్చిందని పెదవి విరిచేవారు ఉన్నారు, నేనూ కొంతవరకు వారి పక్షమే. అయితే రచయిత 1849లో అరెస్టయి, కాల్చివేత కోసం నిలబెట్టిన చోట ఆఖరి నిమిషంలో ప్రాణభిక్ష పొంది, ఓమ్‌స్క్ జైలులో నాలుగేళ్లు గడిపినవాడు. ఖైదీ మనసు ఎంత ఆలస్యంగా కరుగుతుందో ఆయనకు నేను చెప్పవలసిన అవసరం లేదు.

ప్రశ్న: 'మాక్బెత్'లో భర్తను హత్యకు ఉసిగొల్పిన భార్య చివరకు మతి చలించి చనిపోతుంది, చంపిన భర్త మాత్రం యుద్ధం చేస్తూ పోతాడు. ఇది స్త్రీపాత్ర మీద పక్షపాతం కాదా?

జవాబు: నాకు అలా కనిపించదు. ఇద్దరి మాటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రాజును చంపి వచ్చిన రాత్రి మాక్బెత్ తన చేతులు చూసుకుని, సముద్రాలన్నీ కలిసినా ఈ నెత్తురు కడగగలవా అంటాడు. కాసిని నీళ్లు చాలు, పోతుంది అని ఆమె అంటుంది. ఆ తరువాత షేక్‌స్పియర్ ఇద్దరికీ పాత్రలు మార్చేశాడు. సముద్రం చాలదన్నవాడు ఒక హత్యను కప్పిపుచ్చడానికి మరో హత్య చేస్తూ రాయిగా మారిపోయాడు. నీళ్లు చాలన్న ఆమె నిద్రలో నడుస్తూ, లేని మరకను తోముకుంటూ, అరేబియా అత్తరులన్నీ పోసినా ఈ చిన్న చేతి వాసన పోదని నిట్టూర్చింది.

ఆ అయిదో అంకం మొదటి రంగంలో అందరూ చేతులు కడుక్కోవడాన్నే గుర్తుపెట్టుకుంటారు. నన్ను ఎక్కువగా పట్టి ఉంచేవి వేరే రెండు సంగతులు. ఒకటి, ఆమె గదిలో రాత్రంతా దీపం వెలగాలి, అది ఆమె ఆజ్ఞ. నాటకం మొదట్లో, తన కత్తి చేసే గాయం తనకే కనబడకుండా చిక్కటి చీకటి కమ్మాలని కోరుకున్న మనిషి ఈమే. రెండవది, పరిచారిక వైద్యుడికి చెప్పే మాట: ఆమె నిద్రలోనే లేచి, పెట్టె తాళం తీసి, కాగితం మడిచి, దాని మీద ఏదో రాసి, చదువుకుని, ముద్ర వేసి, మళ్లీ పడుకుంటుందట. ఏమి రాసిందో షేక్‌స్పియర్ చెప్పడు. నోటితో చెప్పలేని సంగతి చేతివేళ్ల నుంచి కాగితం మీదికి వచ్చి, మళ్లీ ముద్ర వెనక్కి వెళ్లిపోయింది. ఈమెకు వైద్యుడికంటే మతాచార్యుడి అవసరం ఎక్కువని వైద్యుడు చేతులెత్తేస్తాడు.

ప్రశ్న: ఇటలీ కవి డాంటే తన కావ్యంలో చూపిన నరకంలో ఏ పాపానికి తగిన శిక్ష ఆ పాపానికి ఉంటుంది కదా. అంత కచ్చితమైన లెక్కలో జాలికి చోటెక్కడ?

జవాబు: అయిదో సర్గలోనే ఉంది. వివాహేతర ప్రేమకు శిక్షగా సుడిగాలిలో కొట్టుకుపోతున్న ఫ్రాంచెస్కా తన కథ చెబుతుంది. కావ్యంలో ఆ నరకాన్ని చూస్తూ వెళుతున్న యాత్రికుడి పేరు డాంటే, అది విని అతడు ప్రాణం లేని శరీరంలా కూలిపోతాడు. ఆమెను ఆ నరకంలో పెట్టిన కవి పేరూ డాంటేనే. పైన చెప్పిన 'పాపం' అనే మాట రెండు అర్థాలూ ఒకే మనిషిలో ఇరుక్కుపోయిన ఘట్టమిది. అన్నట్టు, అట్టడుగు నరకంలో మంటలు ఉండవు, గడ్డకట్టిన సరస్సు ఉంటుంది. అది నమ్మినవారికి ద్రోహం చేసినవారి చోటు.

ప్రశ్న: చేసిన పాపం చెబితే పోతుందంటారు. ప్రసిద్ధ రచనల్లో ఈ మాట నిలబడుతుందా?

జవాబు: ఎవరికి, ఏ మాటల్లో చెప్పారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. నథానియల్ హాథోర్న్ 1850లో ప్రచురించిన 'స్కార్లెట్ లెటర్'లో హెస్టర్ వివాహేతర సంబంధమనే తన తప్పును ఎర్రటి అక్షరంగా రొమ్ము మీద ధరించి ఊరందరి ముందు తిరుగుతుంది. ఆ తప్పులో భాగస్వామి అయిన యువ మతాచార్యుడు డిమ్స్‌డేల్ ఎవరికీ తెలియకుండా ఉండిపోతాడు. ఇతడు ఊరుకున్నాడా అంటే, లేదు. తనంత పాపి భూమి మీద లేడని ప్రార్థన వేదిక మీదనుంచి ఎన్నోసార్లు చెప్పాడు. విన్నవాళ్లు ఏమనుకున్నారు? ఇంత పవిత్రుడు తనను తానే పాపినంటున్నాడంటే మన గతి ఏమిటని మరింత భక్తితో దండం పెట్టారు. అలా అనుకుంటారని అతడికి తెలుసు. పాపం పేరు చెప్పకుండా పాపినని చెప్పుకోవడం కూడా దాక్కోవడంలో ఒక పద్ధతేనని ఇంత నిర్దయగా చూపించిన రచయితలు తక్కువ. ఏడేళ్ల తరువాత అతడు హెస్టర్‌ను అప్పట్లో నిలబెట్టిన శిక్షా వేదిక ఎక్కి నిజం చెప్పి ప్రాణం విడుస్తాడు. అప్పటికీ ఆ గుంపులో కొందరు, అతడు తన తప్పేమీ ఒప్పుకోలేదనీ, మనుషులందరూ పాపులేనని బోధించడానికే హెస్టర్ చేతుల్లో కన్నుమూశాడనీ చెప్పుకున్నారని హాథోర్న్ చివరి అధ్యాయంలో రాస్తాడు. చెప్పడం ఒక ఎత్తు, విననివ్వడం ఇంకొక ఎత్తు.

'హామ్లెట్'లో క్లాడియస్ చిక్కు ఇంకొకటి. అన్నను చంపి రాజైనవాడు ఒంటరిగా ప్రార్థనకు కూర్చుని, హత్య వల్ల వచ్చిన కిరీటమూ రాణీ తన దగ్గరే ఉండగా క్షమాపణ ఎలా దొరుకుతుందని తనను తానే ప్రశ్నించుకుంటాడు. మాటలు పైకి ఎగిరాయి, మనసు కిందనే ఉండిపోయిందని చెప్పి లేచిపోతాడు. అతడు పశ్చాత్తాపపడుతున్నాడని పొరబడి, చనిపోయిన రాజు కొడుకు హామ్లెట్ కత్తి దింపేశాడు. లాభం వదులుకోకుండా క్షమాపణ కోరడం కుదరదని తెలిసినంత తెలివి క్లాడియస్‌కు ఉంది, వదులుకునేంత బలం మాత్రం లేదు.

ప్రశ్న: మనసును తొలిచే ఈ అపరాధభావమంతా పాశ్చాత్య సాహిత్యానిదేననీ, మన కావ్యాల్లో కర్మఫలం తప్ప అంతర్మథనం లేదనీ ఒక ప్రసంగంలో విన్నాను. నిజమేనా?

జవాబు: 'అపరాధభావం' అనే మాట కొత్తది కావచ్చు, బాధ కొత్తది కాదు. అయోధ్యాకాండలో దశరథుడి ఆఖరి రాత్రి ఒక్కసారి నెమ్మదిగా చదవమని కోరుతున్నాను.

రాముడు అడవికి వెళ్లిన ఆరో రాత్రి, నడిరేయి వేళ, దశరథుడికి ఒక పాత సంగతి గుర్తొస్తుంది. అది కౌసల్య తన ఇంట అడుగుపెట్టకముందు, తాను యువరాజుగా ఉన్నప్పటిది. చీకట్లో సరయూ తీరాన కుండ నిండుతున్న చప్పుడు విని, ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని శబ్దాన్ని బట్టి బాణం వేశాడు. తగిలింది గుడ్డి తల్లిదండ్రుల కోసం నీళ్లు తీసుకువెళ్లడానికి వచ్చిన మునిబాలకుడికి. తరువాతి కథల్లో శ్రవణకుమారుడని పేరుపడ్డ ఆ బాలుడికి వాల్మీకి పేరు పెట్టలేదు. ఇప్పుడు చూడవలసిన ఘట్టం ఉంది. దశరథుడు అదే కుండలో నీళ్లు నింపుకుని ఆ ముసలివాళ్ల దగ్గరకు వెళతాడు. అడుగుల చప్పుడు విని తండ్రి, 'ఇంత ఆలస్యమేం నాయనా, త్వరగా నీళ్లు తే' అంటాడు. కొడుకును చంపినవాణ్ణి కొడుకనుకుని పిలిచిన ఆ పిలుపు ముందు దశరథుడికి మాట పెగలలేదు. తడబడుతూనే, 'నేను నీ కొడుకును కాను, దశరథుణ్ణి' అని మొదలుపెట్టి జరిగినదంతా చెప్పాడు.

విన్న ముని ఏమన్నాడంటే, ఈ పని నువ్వే వచ్చి చెప్పి ఉండకపోతే నీ తల లక్ష వక్కలయ్యేది అన్నాడు. చేసిన పాపం చెబితే పోతుందా అన్న పై ప్రశ్నకు ఇదొక జవాబు. చెప్పినందువల్ల తల నిలిచింది, ఫలం మాత్రం తప్పలేదు. నాలాగే నువ్వూ కొడుకు కోసం ఏడుస్తూ చస్తావని శాపం. ఆ శాపం తగిలే రాత్రి దశరథుడు ఈ కథను మొదట ఒక పోలికతో ఎత్తుకుంటాడు: మామిడితోపు నరికేసి, పూల అందం చూసి మోదుగ చెట్లకు నీళ్లు పోసినవాడు కాయలు కాసే రోజున ఏడుస్తాడు. 'పాపం పండింది' అని మనం ఆలోచించకుండా వాడే మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు. ఎవరికి చెబుతున్నాడో కూడా గమనించండి. కొడుకును దూరం చేశావని తనను నిష్ఠూరమాడిన కౌసల్యకు. చెబుతూ చెబుతూ చూపు మందగించి, నువ్వు కనబడటం లేదు, చేత్తో తాకమని ఆమెను అడుగుతాడు. గుడ్డి తండ్రి వేదన అతడి కళ్లలోకి కూడా వచ్చింది. దీన్ని అంతర్మథనం కాదని ఆ ప్రసంగకర్త అంటే, ఆ మాటకు ఆయన ఏ అర్థం చెప్పుకున్నారో నాకు తెలియదు.

ప్రశ్న: తప్పు చేసినవాడి పశ్చాత్తాపాన్నే రచయితలు రాస్తారు. అన్యాయం జరిగినవాళ్లు ఆ పశ్చాత్తాపాన్ని ఏమనుకుంటారో రాసినవారున్నారా?

జవాబు: ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చినది ఇది. టాల్‌స్టాయ్ 1899లో ప్రచురించిన 'రిసరెక్షన్' నవలలో నెఖ్ల్యూదోవ్ అనే జమీందారు ఒక హత్య కేసులో జ్యూరీ సభ్యుడిగా వెళతాడు. బోనులో నిలబడ్డ కత్యూష తాను ఒకప్పుడు పాడుచేసి వదిలేసిన అమ్మాయి. జ్యూరీ ఆమెను నిర్దోషిగానే భావించింది గాని, రాసిచ్చిన జవాబులో 'ప్రాణం తీసే ఉద్దేశం లేకుండా' అనే మాటలు చేర్చడం మరిచిపోయింది. ఆ మరుపు ఖరీదు ఆమెకు నాలుగేళ్ల సైబీరియా. అతడు కుమిలిపోయి, జైలుకు వెళ్లి, పెళ్లి చేసుకుంటానంటాడు. ఆమె కరగలేదు. ఈ లోకంలో నాతో సుఖపడ్డావు, పరలోకంలో కూడా నన్ను అడ్డుపెట్టుకునే గట్టెక్కాలని చూస్తున్నావు అని మండిపడింది. చివరికి ఆమె అతణ్ణి కాదని వేరొక ఖైదీని ఎంచుకుంటుంది. పశ్చాత్తాపంలో కూడా స్వార్థం దూరుతుందని పశ్చాత్తాపం మీద అంత నమ్మకమున్న టాల్‌స్టాయే రాశాడు.

ప్రశ్న: తప్పుకు మించిన శిక్ష పడ్డవారి సంగతేమిటి?

జవాబు: కాఫ్కా నవల 'ది ట్రయల్'లో యోసెఫ్ కె.కు తన నేరమేమిటో చివరిదాకా ఎవరూ చెప్పరు. హ్యూగో సృష్టించిన జాన్ వాల్‌జాన్ రొట్టె దొంగతనానికి అయిదేళ్లు, పారిపోవడానికి ప్రయత్నించినందుకు మరో పద్నాలుగేళ్లు జైలులో ఉన్నాడు. వీరిద్దరికంటే నన్ను ఎక్కువగా వెంటాడేది మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుడు.

మౌనవ్రతంలో ఉన్న ఆ ముని ఆశ్రమంలో దొంగలు సొమ్ముతో సహా దాక్కున్నారు. రాజభటులు అడిగితే వ్రతం వల్ల జవాబు చెప్పలేదు. దొంగలతో పాటు ఆయననూ కొరత వేశారు, అంటే శూలానికి గుచ్చారు. ప్రాణం పోలేదు. రాజు తప్పు తెలుసుకుని కాళ్ల మీద పడ్డాడు గాని, శరీరంలో దిగిన శూలం ఎంత లాగినా ఊడి రాలేదు. దాని మొదలు దగ్గర కోసేశారు. లోపల మిగిలిన ఆ మొనతోనే ఆయన తిరిగాడు, దానివల్లనే అణిమాండవ్యుడయ్యాడు (అణి అంటే శూలం మొన). రాజును ఒక్క మాట అనలేదు. నేరుగా ధర్ముడి కొలువుకు వెళ్లి, ఏ పాపానికి ఇది అని అడిగాడు. చిన్నతనంలో పురుగుల తోకల్లో గడ్డిపుల్లలు గుచ్చావు, దాని ఫలం ఇది అని జవాబు వచ్చింది. అంత చిన్న తప్పుకు ఇంత పెద్ద శిక్షా అని ముని మండిపడి, పద్నాలుగేళ్లు నిండేవరకు చేసినది పాపం కాకూడదని కట్టడి చేశాడు. ధర్ముణ్ణి శూద్రయోనిలో పుట్టమని శపించాడు. తీర్పులు చెప్పే ధర్ముడు అలా దాసి కడుపున విదురుడై పుట్టాడు. పుట్టుక కారణంగా సింహాసనం దక్కక, ధర్మమేదో అందరికంటే ముందే తెలిసీ, ధృతరాష్ట్రుడి పక్కన నిలబడి, వినని కొలువులో చెబుతూనే ఉన్నాడు.